ఎండకు పెట్టిన సెల్లు

మా ఇంట్లో టార్చిలైటు వెలుగు తగ్గితే ఎవరూ కొత్త సెల్లు కోసం పరుగెత్తేవాళ్ళు కాదు. ఉన్న సెల్లు బయటికి తీసి, మధ్యాహ్నం ఎండలో గడప ముందు బండ మీద వరసగా పెట్టేవాళ్ళు. సాయంత్రానికి అవి చేతికి వెచ్చగా తగిలేవి. లైటు ఇంకో రెండు రోజులు వెలిగేది. నేను రేడియోలు, టార్చీలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. నల్గొండలో పానగల్ పోయే రోడ్డు మీద నా దుకాణం, ముందు రేకుల చూరు. ఎండాకాలం వచ్చిందంటే ఆ రేకుల మీద నా సెల్లు, గిరాకీల సెల్లు కలిసి వడియాల్లా ఆరుతుండేవి. ఎండ పెడితే సెల్లుకు ప్రాణం వస్తుందన్న మాట ఎవరైనా కాదంటే వాళ్ళతో కొట్లాటకు దిగేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ. సరిగ్గా తెలియని విషయాల్లో ఇంకా ఎక్కువ.

ఎనభైలు అయిపోవస్తున్న రోజుల్లో ఒక మేస్త్రీ చెడిపోయిన టార్చి పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. అచ్చంపేట వైపు మనిషి. బావుల పూడిక తీసి లోతు చేసే జట్టుకు పెద్ద. ఏటేటా నీళ్ళు కిందికి పోతుంటే పాలమూరు నుంచి ఇట్లాంటి జట్లు మా వైపు వచ్చి నెలల తరబడి పనిచేసేవి. ఆయనకు యాభై దాటి ఉంటాయి, గడ్డం సగం తెల్లబడింది. మొదటి రోజే నేను చాచా అన్నాను, ఆయన తమ్మీ అన్నాడు. ఆయన భార్యను తర్వాత చూశాను. ఆమెను చాచీ అనేవాణ్ణి. ఆమెదీ అదే జట్టు, అడుగు నుంచి వచ్చే మట్టి గంపలను బావి ఒడ్డున నిలబడి అందుకునేది.

టార్చి బాగైంది. ఆయన మాత్రం కదల్లేదు. స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఒక ముచ్చట అడుగుత, చెప్తవా తమ్మీ? నువ్వు కరెంటు సదివినోనివి."

నేను చదివిన కరెంటు ఎంతో నాకు తెలుసు. పదో తరగతి రెండుసార్లు తప్పి, హైదరాబాదులో ఒక దుకాణంలో మూడేళ్ళు టంకం పెట్టడం నేర్చుకున్నవాణ్ణి. అయినా చదవలేదని ఒప్పుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. అడుగు అన్నాను.

కిందటేడు ఆయన తమ్ముడు బావిలో పోయాడట. వాళ్ళ పని పద్ధతి ఇది. బావిలో సగం లోతున రాతి గట్టు మీద ఆయిల్ ఇంజను పెట్టి, పొద్దున్నే నీళ్ళు తోడేస్తారు. ఇంజను ఆపాక మనిషి దిగుతాడు. దిగే ముందు లాంతరుకు తాడు కట్టి అడుగు దాకా వదులుతారు. ఒక బీడీ కాలేంతసేపు చూస్తారు. లాంతరు ఆరిపోతే గాలి చెడ్డది, ఎవరూ దిగరు. మండుతూ ఉంటే గాలి మంచిది. అది తాతల నాటి లెక్క. ఆ రోజు కూడా అట్లాగే లాంతరు దింపారు, బీడీ కాల్చారు, తమ్ముడు దిగాడు.

"దీపం మండుతనే ఉండె తమ్మీ," అన్నాడు చాచా. "మనిషి ఆరిపోయిండు. గదెట్లయితది? దీపం బతికిన గాలిల మనిషెందుకు బతకడు?"

 జవాబు తెలియదన్న కోపంతో, లాంతరు సరిగ్గా దింపి ఉండరు పొమ్మన్నాను. ఆయన నా మొహం వైపు చూసి, బీడీ ఆర్పి వెళ్ళిపోయాడు. ఆ చూపు నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

మా దుకాణానికి రేడియో బాగుకు వచ్చే కాలేజీ కెమిస్ట్రీ సారు ఒకాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా మనిషి. మాటకో 'అండీ' తగిలించేవాడు, తిట్టినా అండీ అనే తిట్టేవాడు. ఆయన్ని అడిగాను.

"ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అని ఉంటుందండీ. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకుండా పోయినా అది బావిలో నిలిచే ఉంటుంది. మనిషిని చంపేంత ఉన్నా దీపం ఆరదండీ."

దాన్ని కనిపెట్టే మార్గమే లేదా అంటే, వేడి చేస్తే ఆ గాలిని పసిగట్టే సెన్సర్ ఒకటి జపాను నుంచి వస్తుందని, హైదరాబాదులో రేడియో సామాను అమ్మేచోట వెతికితే దొరకవచ్చని చెప్పాడు. నేను వెతికాను. మూడో పర్యాయం పోయినప్పుడు దొరికింది. శనగగింజకంటే కొంచెం పెద్దది, పైన సన్నటి జాలీ. దాని లోపల తీగ చుట్ట ఉంటుంది. ఆ చుట్టను కరెంటుతో వేడిగా ఉంచితేనే గింజ మేలుకుంటుంది. చల్లబడితే నిద్రపోతుంది. పక్కన గ్యాసు ఉన్నా దానికి పట్టదు.

నాలుగు పెద్ద సెల్లు, ఆ గింజ, ఒక బజర్, మధ్యలో నా తెలివి, అన్నీ కలిపి చెక్క పెట్టెలో బిగించాను. ఇంట్లో బొగ్గుల కుంపటి దగ్గర పెడితే పది లెక్కపెట్టే లోపల కుయ్యిమన్నది. మా ఆవిడ చేతిలో గిన్నె జారవిడిచింది. నాకు ఎంత గర్వమైందంటే, దాన్ని ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదుకు పోయి, సెన్సర్ అమ్మినాయనకు కూడా చూపించి వచ్చాను. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటాక ముందు సీటు మనిషి బీడీ ముట్టించాడు. పెట్టె కూసింది. డ్రైవరు బస్సు ఆపాడు. కండక్టరు నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, ఇందులో ఏమున్నదో విప్పి చూపించమన్నాడు. చూపించాను. మిగిలిన దారంతా ఆ మనిషి బీడీ ముట్టించలేదు, నాతో ఎవరూ మాట్లాడలేదు.

పెట్టె చాచాకు ఇచ్చాను. లాంతరుతో పాటు దీన్ని కూడా దింపు, కూస్తే దిగొద్దు అని చెప్పాను. రెండో రోజు సాయంత్రమే తిరిగి వచ్చాడు. సెల్లు అయిపోయాయి.

"గిదేంది తమ్మీ, మేకలెక్క సెల్లు తింటాంది! ఊర్ల సెల్లు దొరకయి. దుకాణం పోయి రావాల్నంటె ఒక పూట పోతది."

అక్కడ మొదలైంది నా తికమక. గింజ ఎప్పుడూ వేడిగా ఉండాలంటే సెల్లు నిలవవు. సెల్లు నిలవాలంటే గింజను మధ్యమధ్య చల్లార్చాలి. చల్లారిన గింజకు ఏమీ తెలియదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు కదా, నాకు రెండు పక్కలా నుయ్యే. నెల రోజులు కాగితాల మీద గీతలు గీశాను. ఒక టైమర్ కట్టి, నిమిషం వేడి, నాలుగు నిమిషాలు విశ్రాంతి పెట్టాను. సెల్లు వారం వచ్చాయి. నేను ఎగిరి గంతేశాను. చాచా గంతెయ్యలేదు.

"అంటె నేను దిగి, గడ్డపార వట్టి, రెండు దెబ్బలు కొట్టినంక చెప్తదా?"

"ముందుగాల్నె దింపి ఆగాలె చాచా. ఐదు నిమిషాలు."

"బీడీ ఐదు నిమిషాలు కాలదు గదా."

నిజమే, కాలదు. వాళ్ళ గడియారం బీడీ. నా గడియారం వేరే. ఆ రెండింటినీ ఎట్లా కలపాలో నాకు పాలుపోలేదు. విశ్రాంతి రెండు నిమిషాలకు తగ్గించాను, మళ్ళీ సెల్లు తొందరగా పోయాయి. వేడి సగం నిమిషం చేశాను, గింజ సరిగ్గా మేలుకోకముందే మళ్ళీ నిద్రపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా తిరిగాను. మా ఆవిడ అన్నం పెట్టి పిలిచి పిలిచి విసిగి, దుకాణానికే వచ్చి నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"నువ్వు తినవు, దాన్ని తిననియ్యవు. ఉపాసం వెట్టిన పెట్టెను మాట్లాడుమంటె ఎట్ల మాట్లాడతది?"

చివరికి ఒక స్విచ్చి పెట్టాను. ఒక పక్క 'జల్ది', ఇంకో పక్క 'నిదానం' అని ఎర్ర రంగుతో రాశాను. జల్దిలో సెల్లు తింటుంది, వెంటనే చెప్తుంది. నిదానంలో సెల్లు మిగులుతాయి, ఆలస్యంగా చెప్తుంది. ఎప్పుడు ఏది వాడాలో చాచా చూసుకుంటాడు. నేను తేల్చుకోలేని దాన్ని ఆయన నెత్తిన పెట్టి దానికి తెలివి అని పేరు పెట్టుకున్నాను. పనిలో పనిగా పెట్టె మూత మీద చిన్న పచ్చ దీపం కూడా బిగించాను. పెట్టెలో కరెంటు ఉందని తెలియడానికి, అంతే. ఆ దీపం చీమ తినేంత కరెంటు తింటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

రెండు ఎండాకాలాలు ఆ పెట్టె వాళ్ళతో తిరిగింది. రెండుసార్లు కూసిందని, రెండుసార్లూ దిగడం మానుకున్నామని చాచా చెప్పాడు. నేను ఒకసారి పని దగ్గరికి వెళ్ళి చూశాను. అప్పటికి లాంతరు మానేశారు. పెట్టె దింపి, బీడీ కాల్చి, పైనుంచి పచ్చ దీపం చూసి చాచా దిగాడు. నడుముకు మోకు కట్టుకున్నాడు. తమ్ముడు పోయినప్పటి నుంచి మోకు లేకుండా దిగనివ్వలేదట చాచీ. ఒడ్డున ఆమె గంప అందుకుంటూ, ప్రతి గంపకూ బావిలోకి వంగి అరిచేది.

"ఏమయ్యా, ఉన్నవా?"

"ఉన్న, ఉన్న," అని అడుగు నుంచి వచ్చేది.

"ఉంటె బిరాన గంప నింపు!"

పొద్దంతా అదే పిలుపు, అదే జవాబు. నేను నవ్వాను. పెట్టె ఉండగా ఇంకా ఈ కేకలెందుకు చాచీ అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీ పెట్టె నీది, నా నోరు నాది," అన్నది.

మూడో ఎండాకాలం. చాచా సెల్లు కోసం వచ్చాడు. ఆ రోజు నా దగ్గర కొత్త సెల్లు లేవు. బజారుకు పోతే ఆయన బస్సు తప్పిపోతుంది. నేను స్టూలెక్కి, రేకుల మీద ఎండుతున్న సెల్లలో నాలుగు ఏరి చేతిలో పెట్టాను. చేతిలో కాలుతున్నాయి.

"బాగ కాగినయి చాచా. రెండు దినాలు ఫికర్ లేదు."

ఆయన వాటిని రుమాలులో కట్టుకుని పోయాడు. ఫికర్ లేదన్నది నా నోటితో నేను అన్న మాట. ఇప్పటికీ ఆ రుమాలు కళ్ళ ముందు కనబడుతుంది.

మూడో రోజు పొద్దెక్కాక ఎవరో వచ్చి, మీ మేస్త్రీ దవాఖానలో ఉన్నాడని చెప్పారు. బావిలో సగం గంప నింపి పడిపోయాడట. చాచీ ఉన్నవా అని అరిచింది. జవాబు రాలేదు. ఇంకోసారి అరవలేదు ఆమె, మోకు పట్టి లాగమని జట్టు మీద అరిచింది. పైకి తెచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది, ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి లారీలో నల్గొండ దాకా తెచ్చారు.

నేను దవాఖానకు పోయాను. ముక్కుకు గాలి గొట్టం పెట్టి పడుకోబెట్టారు. బతుకుతాడన్నారు. ఆ మాట వినగానే నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చాచీ పక్కకు పోయి అడిగాను.

"స్విచ్చి ఎటు దిక్కుండె చాచీ? జల్ది దిక్కా, నిదానం దిక్కా?"

ఆమె నా వైపు చూసింది. "పచ్చ దీపం వెలుగుతుండె," అన్నది. అంతే అన్నది.

పెట్టె తీసుకుని దుకాణానికి వచ్చాను. స్విచ్చి నిదానం వైపు ఉంది. కానీ బండిలో, లారీలో ఎన్నిసార్లు తగిలి ఎటు మారిందో ఎవరికి తెలుసు? జట్టులో ఒకాయన జల్దిలోనే పెట్టామన్నాడు, ఇంకొకాయన నిదానం అన్నాడు. దుకాణం తలుపులు సగం మూసి, కుంపటి ముట్టించి కూర్చున్నాను. ముందు కొత్త సెల్లు వేసి నిదానంలో పెట్టాను. కుంపటి పక్కన పెట్టినా నాలుగు నిమిషాల దాకా పలకలేదు, తర్వాత కూసింది. అంటే నా టైమర్ తప్పు కావచ్చు. తర్వాత చాచా తీసుకుపోయిన ఆ నాలుగు సెల్లనే మళ్ళీ ఒక పూట ఎండబెట్టి జల్దిలో పెట్టాను. మొదట రెండు నిమిషాలు బాగా కూసింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత గొంతు సన్నగిల్లింది. తర్వాత ఆగిపోయింది. వేలు పెట్టి చూస్తే గింజ చల్లగా ఉంది. కుంపటి కణకణలాడుతోంది, పెట్టె నోరు మూసుకుంది. మూత మీద పచ్చ దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

ఎండకు పెట్టిన సెల్లకు వచ్చేది ప్రాణం కాదని, పోయే ముందు వచ్చే కాస్త తేట అని ఆ రోజు తెలిసింది. టార్చికి ఆ తేట చాలు, వెలుగు తగ్గితే కంటికి కనబడుతుంది. గింజ చల్లబడితే ఎవరికి కనబడుతుంది? ఆకలి తక్కువ కాబట్టి దీపం ఆఖరి దాకా వెలుగుతూనే ఉంటుంది.

మరి ఆ రోజు బావిలో తప్పు చేసింది ఏది? నిదానమా, ఎండా? రోజుల తరబడి అదే ఆలోచన. టైమరే అనుకుంటే కాస్త నయంగా అనిపించేది, అది లెక్కల తప్పు. సెల్లు అనుకుంటే నా చేతుల్లో ఆ వేడి తగిలేది. సారును అడిగితే, "రెండూ కావచ్చండీ, ఒకటే కావచ్చండీ," అన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. రెండూ నావే అన్న సంగతి మాత్రం వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పదిహేను రోజులకు చాచా, చాచీ దుకాణానికి వచ్చారు. ఆయన నడక తడబడుతోంది. తిడతారని నేను సిద్ధంగా ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన స్టూలు మీద కూర్చుని, బల్ల మీద ఉన్న పెట్టె వైపు చెయ్యి చూపించాడు.

"ఆ దీపం తీసెయ్యి తమ్మీ."

"సెల్లు చాచా... తప్పు సెల్లది. నేనిచ్చిన సెల్లది."

"ఏదైతే ఏంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "కాళ్ళు గుంజినయి. కూలవడ్డ. కండ్లు మూతవడంగ నీ పచ్చ దీపం కనవడ్డది. మస్తు వెలుగుతాంది. ఇగ ఏం ఫికర్ లేదు, జరసేపు పండుకుంట అనిపిచ్చింది. నా తమ్మునికి గూడ గట్లనే అనిపిచ్చి ఉంటది, లాంతరు సూసి."

 ఆయన ముందే స్క్రూ విప్పి ఆ దీపం పీకేశాను. లాంతరు మోసం చేసిందని తెలిసి, దాని బదులు పెట్టె చేసి, ఆ పెట్టె మీద మళ్ళీ ఒక లాంతరే పెట్టాను. నాకంటే ఆ తాతలే నయం, వాళ్ళు తెలియక చేశారు.

దీపం పోయిన చోట పెట్టె మూతకు రంధ్రం మిగిలింది. ఇప్పుడు పెట్టె బతికి ఉన్నదీ లేనిదీ ఎట్లా తెలియాలి? వాళ్ళు వెళ్ళిపోయాక కూడా దాన్నే చూస్తూ కూర్చున్నాను. నాకు తోచిందల్లా చాచీ కేక. టైమర్ పీకేశాను, స్విచ్చి పీకేశాను. గింజ వేడిగా ఉన్నంతసేపు మాత్రమే టిక్కు టిక్కుమనేటట్టు బజర్‌ను మార్చి కట్టాను. గ్యాసు తగిలితే కూత, బాగుంటే టిక్కు, గింజ చల్లబడితే చప్పుడే ఉండదు. చప్పుడు లేకపోతే దిగొద్దు. అయితే ఇప్పుడు అది మొదటి పెట్టెకంటే ఎక్కువ సెల్లు తినసాగింది. మూడేళ్ళు తిరిగి తిరిగి, బయలుదేరిన చోటికంటే వెనక్కి వచ్చి నిలబడ్డాను.

చాచీ ఒక్కతే వచ్చింది తీసుకుపోవడానికి. పెట్టె చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఉన్న, ఉన్న అంటాంది," అన్నది, నవ్వీ నవ్వనట్టు.

కొత్త సెల్లు ఎనిమిది కాగితంలో చుట్టి ఇస్తూ అసలు సంగతి చెప్పాను. నాలుగు సెల్లు ఒక్క దినం కూడా సరిగ్గా రావని, తెలిసినవాడెవడైనా చూస్తే నవ్వుతాడని, జర టైం ఇస్తే టైమర్ మళ్ళీ పెట్టి కొంచెమన్నా పొదుపు చేస్తానని. నా నోరు నేను చెప్పినట్టు వినడం లేదు, మళ్ళీ పొదుపు దగ్గరికే పోతోంది.

చాచీ సెల్లు కొంగులో ముడి వేసుకుంది.

"తిననియ్యి తమ్మీ," అన్నది. "మా మరిది పోయిన్నాడు గా లాంతర్ల గ్యాసునూనె సగం మిగిలే ఉండె."